స్వహస్త వైద్యం

నాగవరం రాజు విరూపసేనుడికి పొదుపు పిచ్చి పట్టినప్పుడల్లా ఎవరికో ఒకరికి కొలువు ఊడేది. ఈసారి గండం వైద్యశాల మీద పడింది.

ఆస్థాన వైద్యుడు భైరవశాస్త్రి తన చేత్తో వైద్యం చేస్తే ఖజానా నుంచి ఆయనకు ఒక్కో రోగికి ఒక వరహా ముట్టేది. ఆయన సహాయకురాలు నాంచారమ్మ చేస్తే ముప్పాతిక వరహాయే. ఆ నెల ఖజానాకు వచ్చిన వైద్యశాల లెక్కల తాటాకులన్నింటి మీదా "స్వహస్తంతో చేశాను" అనే ఉంది.

"అంతా శాస్త్రిగారే చేస్తుంటే నాంచారమ్మ జీతం దండగ కదా! రేపు సాయంత్రానికి పంపించేయండి" అన్నాడు రాజు.

శాస్త్రి మీసం దువ్వుకున్నాడు.

విదూషకుడు కొండుభట్టు గుండెల్లో రాయి పడింది. పది రోజుల కిందట అతని కురుపు కోసి కట్టు కట్టింది నాంచారమ్మే. శాస్త్రి అటు తొంగి కూడా చూడలేదు. కానీ ఆనాటి నుంచీ భట్టు సభలో కూర్చోవడం మానేశాడు. "ప్రభువు ఎదుట కూర్చోవడానికి మనసొప్పడం లేదు" అని గొప్పలు పోయాడు. రాజు మురిసిపోయి జలతారు శాలువా కప్పాడు. భట్టు సిగ్గులేకుండా కప్పుకున్నాడు కూడా.

భట్టు వైద్యశాలకు వెళ్ళేసరికి నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ మందులపెట్టె సర్దుకుంటోంది.

"అయ్యగారూ, మీ కురుపు కోసిందెవరో ఒక్క మాట చెప్పలేరా?"

"చెబితే నా పరువు పోతుందమ్మా."

"నా కూడే పోతోంది గదయ్యా!"

భట్టు తల గోక్కున్నాడు. ఉన్న పరువెంత, అందులో పోయేదెంత అని లెక్క వేసుకుంటే అతనికే నవ్వొచ్చింది.

మర్నాడు కుడి మోకాలికి బండెడు గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ సభకు వచ్చాడు.

"ఏమయ్యా భట్టూ, ఏమిటా కట్టు?" అన్నాడు రాజు.

"శాస్త్రిగారినే అడగండి ప్రభూ. నా కురుపు స్వహస్తంతో కోశానని తాటాకు రాశారు."

శాస్త్రి ఓరకంట మోకాలి వంక చూశాడు.

"అవును ప్రభూ! సరిగ్గా మోకాలి చిప్ప మీద, నిమ్మకాయంత కురుపు. నేనే కోశాను. ఈయన చంటిపిల్లాడిలా ఏడ్చాడు."

"ఏడ్చిన మాట మాత్రం నిజం" అంటూ భట్టు కట్టు విప్పాడు. మోకాలు నున్నగా ఉంది. గాటు లేదు, మచ్చ లేదు. శాస్త్రి ముఖాన నెత్తురుచుక్క లేదు.

"మరి కురుపెక్కడయ్యా?" అన్నాడు రాజు.

భట్టు శాలువా తీసి, మడతపెట్టి, రాజు పాదాల దగ్గర ఉంచాడు.

"ప్రభూ, పది రోజులుగా నన్ను నిలబెట్టింది భక్తి కాదు, ఆ కురుపే! కోసిన చెయ్యి నాంచారమ్మది."

ముందు మంత్రి కిసుక్కుమన్నాడు. ఆపైన సభంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, శాలువా నాంచారమ్మకు ఇప్పించాడు. ఇక మీదట ఆమె చేసిన వైద్యానికి ఆమె పేరే రాయమన్నాడు. కాజేసిన పాతికలన్నీ శాస్త్రి చేత కక్కించాడు.

భట్టుకు బహుమానంగా బూరుగుదూది దిండు వచ్చింది.

"ఇప్పుడైనా కూర్చోవయ్యా!" అన్నాడు రాజు.

భట్టు ఒక పక్కకు ఒరిగి, జాగ్రత్తగా కూర్చున్నాడు.