నరసరాజు గారి ఎర్ర కారు

భీమిలి దగ్గర కొండవాలులో సుభద్రమ్మ గారి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే నాలుగు రేకుల గదులు, ఒక వంటపాక. ఆవిడ ఉపన్యాసాలు చెప్పరు. ఎవరైనా ఏదైనా అడిగితే, చేతిలో పని ఆపకుండా, తనకు జరిగినదో తాను చూసినదో చెబుతారు. దానికి అర్థం చెప్పమంటే లేచి వెళ్ళిపోతారు.

ఒకనాటి ఉదయం శేషశాయి అనే శిష్యుడు వచ్చి మౌనదీక్ష ఇప్పించమన్నాడు. అతను ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మూడేళ్ళుగా ఆశ్రమానికి వస్తున్నవాడు. "నలభై రోజులు నోరు విప్పనమ్మా. మౌనం వల్ల ఎవరికీ కీడు జరగదు గదా?" అన్నాడు.

సుభద్రమ్మ గారు చింతపండులో గింజలు తీస్తున్నారు. చెయ్యి ఆపకుండానే తన చిన్ననాటి సంగతి ఎత్తుకున్నారు.

వాల్తేరులో వాళ్ళ పక్కింట్లో నరసరాజు గారని ఒకాయన ఉండేవారు. ఓడల మీద ఇంజనీరుగా ఇరవై ఏళ్ళు తిరిగి, ఐదు పాత అమెరికా కార్లు సంపాదించుకున్నారు. ఒక్కోదానికి రెండే తలుపులు, పొడవాటి ముందు భాగం, ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే పక్కింటి వంటగదిలో గిన్నెలు కదిలేవి. సుభద్ర తల్లి విసుక్కునేది. తొమ్మిదేళ్ళ సుభద్ర మాత్రం గోడ దూకి పరుగెత్తేది. రాజుగారికి పిల్లల్లేరు. ఆ పిల్లకు గుడ్డ ఇచ్చి బంపర్లు తుడవడం నేర్పారు. ఇంజను చప్పుడు విని అది ఏ కారో చెప్పడం నేర్పారు. ఆదివారం సాయంత్రాలు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని భీమిలి రోడ్డు మీద తిప్పేవారు. లోకంలో తనంత అదృష్టవంతురాలు లేదనుకునేది సుభద్ర.

ఒక ఆదివారం ఎర్ర కారు తీశారు. రోడ్డు ఖాళీగా ఉంది. "ఇంకా జోరుగా, మావయ్యగారూ!" అంది సుభద్ర. ఆయన నవ్వి వేగం పెంచారు. మలుపులో తాటిముంజల కావడి మోసుకుంటూ ఒక ముసలాయన ఎదురయ్యాడు.

చప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. రాజుగారు కారు ఆపి వెనక్కి చూశారు. రోడ్డు అటూ ఇటూ చూశారు. మళ్ళీ గేరు వేశారు. షెడ్డులోకి వచ్చాక ఆయన తలుపులు మూశారు. "మనం ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేదు తల్లీ. సరేనా?" అన్నారు. సుభద్ర తలూపింది.

వెనకాల వచ్చిన లారీ డ్రైవరు అప్పలసూరి ఆగాడు. ముసలాయనను లారీలోకి ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే ప్రాణం పోయింది. చొక్కా నిండా రక్తంతో దిగిన అప్పలసూరిని జనం చుట్టుముట్టి కొట్టారు. ఒక కన్ను పోయింది. గుద్దినవాడు అతనేనని కేసు కూడా పెట్టారు.

ముందు ఏదో పెద్ద కారు పోయిన చప్పుడు విన్నానని అతను భార్యతో చెప్పాడట. ఆమె చంకలో బిడ్డతో కారున్న ప్రతి ఇంటికీ తిరిగింది. రాజుగారి గేటు తెరుచుకోలేదు. పక్కింటి గుమ్మంలో సుభద్ర కనిపించింది.

"పాపా, ఆదోరం సాయంత్రం ఈయన కారు బయటకెల్లినాదేటమ్మా? నువ్వు సూసినావేటి?"

సుభద్ర మాట్లాడలేదు.

"ఒక్క మాట సెప్పు తల్లీ. మా ఆయన పేనం నిలబడతాది."

సుభద్ర లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ మనిషి చాలాసేపు మెట్ల మీదే కూర్చుంది. బిడ్డ ఏడుపు లోపలికి వినిపిస్తూనే ఉంది. ఇంట్లోవాళ్ళు సుభద్రను ఏమీ అడగలేదు. అడగకపోవడమే మేలనుకున్నారేమో.

రాజుగారు బంపరు సొట్ట తనే తీశారు, రంగు తనే వేశారు. వేలితో తడిమినా తెలియలేదు. నెల తిరిగాక ఒక ఆదివారం హారన్ కొట్టి పిలిచారు. సుభద్ర వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

ఇక్కడ సుభద్రమ్మ గారు ఆగారు.

"చిన్నపిల్ల గదమ్మా మీరప్పుడు," అన్నాడు శేషశాయి.

"తొమ్మిదేళ్ళు. మాటలు బాగానే వచ్చు."

"తరవాతైనా ఎవరికైనా చెప్పారా?"

"చెప్పాను, ఇరవై రెండో ఏట. స్టేషనుకు వెళ్ళి రాసిచ్చాను. అప్పలసూరి జైల్లోనే పోయి అప్పటికి పదేళ్ళు. ఆవిడ బిడ్డను తీసుకుని ఎటు పోయిందో వాళ్ళ ఊళ్ళో ఎవరికీ తెలియదు. వెతికాను."

శేషశాయి నేల చూస్తూ చెప్పాడు. "రేపు మా ఫ్యాక్టరీలో విచారణ ఉందమ్మా. బాయిలరు పేలి చనిపోయిన కుర్రాడిదే తప్పని అందరూ సంతకాలు పెట్టారు. నేనొక్కణ్ణే ఇంకా పెట్టలేదు."

సుభద్రమ్మ గారు లేచి నిలబడ్డారు.

"ఎల్లుండి రా," అన్నారు. "దీక్ష సంగతి అప్పుడు చూద్దాం."