అచ్చియ్యమ్మ వెదురు చక్రం

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక గెడ్డ, అంటే వాగు. గెడ్డ అవతల ఊరు, ఇవతల ఒకే ఒక్క ఇల్లు. ఊఁ కొడతావా, పడుకుంటావా? కొడతావూ, అయితే విను.

ఆ ఇంట్లో తవిటయ్య, అతని కూతురు అచ్చియ్యమ్మ ఉండేవారు. వెదురు బుట్టలు అల్లుకుని బతికేవారు. తవిటయ్య వెదురు బద్ద చీరితే కాగితమంత పల్చగా వచ్చేది. అంత పనివాడు! కానీ ముసలితనం వచ్చి చూపు మందగించింది. పైగా వానాకాలం. బయట కూర్చునే వీల్లేదు, ఇంట్లోనేమో పట్టపగలే చీకటి. ఊళ్ళో కరెంటుంది గానీ, ఒక్క ఇంటి కోసం గెడ్డ దాటించి స్తంభాలెవరు పాతుతారమ్మా?

ఒకరోజు కత్తి జారి తవిటయ్య వేలు తెగింది. ఆ తర్వాత ఇంకో వేలు. మూడోసారి బొటనవేలే తెగింది. అప్పుడు కత్తి తీసి చూరులో దోపేశాడు. "ఇంక నా వల్ల కాదమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురు బుట్ట అల్లి చేతికిస్తే తడిమి, "బాగుందమ్మా" అనేవాడు. అంతే. అన్నం కూడా సగమే తినేవాడు. అచ్చియ్యమ్మ గుండె చెరువైపోయింది. అయ్య కళ్ళముందు వెలుతురు పెట్టకపోతే ఈ మనిషి నాకు దక్కడు అనుకుంది.

సంతలో గవర్రాజని, మోటార్లు బాగుచేసేవాడు ఒకడుండేవాడు. వెళ్ళి అతన్ని అడిగింది. "అయస్కాంతాలు, రాగి తీగ ఉంటే కరెంటు పుట్టించొచ్చక్కా" అన్నాడతను. పాడైపోయిన మైకుల్లోంచి ఎనిమిది అయస్కాంతాలు తీసిచ్చాడు. చుట్టలు చుట్టిన రాగి తీగా, ఒక స్కూటరు బల్బూ ఇచ్చాడు. ఊరికేనా ఏంటి, నాలుగు తట్టలు పుచ్చుకున్నాడు.

అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి తీగచుట్టల పక్కన అయస్కాంతాలు పేర్చింది. బల్బు తగిలించింది. గుడ్లు పొదిగే కోడిలా పొద్దున్నించి సాయంత్రం దాకా కనిపెట్టుకుని కూర్చుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నవ్వకు! నీకు మాత్రం పుట్టగానే అన్నీ తెలుసా?

మళ్ళీ సంతకెళ్ళింది. గవర్రాజు తల బాదుకున్నాడు. "ఓలక్కా, పక్కన పెట్టుక్కూర్చుంటే రాదు! తీగ ముందు అయస్కాంతం కదలాలి. ఆగకుండా కదలాలి."

కదలడానికేం, ఇంటిముందే గెడ్డ ఉరుకుతోంది కదా! అప్పుడు అచ్చియ్యమ్మ వెదురుతో పెద్ద చక్రం కట్టింది. దాని చుట్టూ గట్టి బుట్టలు బిగించింది. నీళ్ళు ఆ బుట్టల్లో పడితే పెద్ద చక్రం తిరుగుతుంది. అది తిరిగితే, దానికి తాడుతో కలిపిన ఇంకో చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంది. అయస్కాంతాలన్నీ ఆ చిన్న చక్రానికి, తీగచుట్టలు దానికెదురుగా. ఎంత తెలివో చూశావా! బడి గుమ్మం తొక్కని మనిషే తల్లీ!

అయితే అయస్కాంతానికి రెండు ముఖాలుంటాయి. ఇటొకటి, అటొకటి. వెదురు పనిలో ఒక కట్టుబాటుంది. బద్ద పెడితే పచ్చటి పక్క పైకే ఉండాలి, తెల్లటి పక్క లోపలికి పోవాలి. తవిటయ్య అది చిన్నప్పుడే చెవి మెలేసి నేర్పాడు. ఆ అలవాటుకొద్దీ అచ్చియ్యమ్మ అయస్కాంతాలన్నిటికీ ఒకే ముఖాన సున్నంబొట్టు పెట్టి, బొట్లన్నీ తీగవైపే ఉండేలా బిగించింది. చక్రం తిరిగింది. బల్బు లోపల సన్నగా ఎర్రబడింది, అంతే. వెలగలేదు.

"వదిలెయ్యమ్మా, మనకి రాసిపెట్టి లేదు" అన్నాడు తవిటయ్య. వదిలేస్తే ఆవిడ అచ్చియ్యమ్మ ఎందుకవుతుంది?

మూడ్రోజులు ఆలోచించింది. చేతులు మాత్రం బుట్ట అల్లుతూనే ఉన్నాయి. ఒక బద్ద పైనుంచి, ఒక బద్ద కిందనుంచి. పైన, కింద, పైన, కింద. చటుక్కున చేతులాగిపోయాయి. అన్నీ పైనుంచే పోతే బుట్ట నిలుస్తుందా? ఆ తీగకి కూడా ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తే ఎలా? వానలో పరుగెత్తింది. ఒకటి విడిచి ఒకటి అయస్కాంతాలు తిరగేసింది. ఒకటి బొట్టున్న ముఖం, ఒకటి బొట్టు లేని ముఖం.

అప్పుడు చక్రానికి నీళ్ళు వదిలింది. ఆ తర్వాతేముంది, ఇంట్లో ధగ్గున వెలుగు! నూనె లేదు, వత్తి లేదు, పొగ లేదు. ఆ అయస్కాంతం తీగని తాకను కూడా తాకదు. పక్కనుంచి అలా పోతుందంతే. ఆ కాస్త దానికే తీగలో కరెంటు పుట్టేస్తుంది! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తవిటయ్య లేచి కూర్చున్నాడు. కళ్ళు నులుముకున్నాడు. అయ్య ఏమంటాడో అని అచ్చియ్యమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన బల్బు వంక చూడనే లేదు. పక్కనున్న బుట్ట తీసి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి, మొహం చిట్లించాడు.

"ఎవరల్లారే ఈ అంచు? బిగువే లేదు! విప్పు, మొత్తం విప్పు! నా కత్తేదీ?"

అచ్చియ్యమ్మ కత్తి అందిస్తూ వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఎన్నాళ్ళయిందో అయ్య చేత తిట్లు తిని!

కథ వెళ్ళె కంచికి,
గెడ్డ వెళ్ళె ఏటికి,
బుజ్జి వెళ్ళె పక్కకి,
నిద్ర వచ్చె కంటికి.