విసిరేసిన చంకకర్ర

యాగంటయ్యగారు వాదనకు దిగేవారు కారు. ప్రశ్న అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో నడిచేవారు. కాళ్ళనొప్పులు తప్ప తమకు దక్కిందేమీ లేదని కొందరు శిష్యులు సణిగేవారు కూడా.

ఒకనాడు సుంకన్న అనే శిష్యుడు అడిగాడు: “సామీ, పదిమందిని నమ్మించేవాడు తనైనా మోసపోకుండా ఉంటాడు గదా?”

గురువు అతన్ని సంతకు తీసుకెళ్ళారు. అక్కడొక వ్యాపారి, ఎలాంటి పుండునైనా మాన్పే నూనె అంటూ మైకులో ఊదరగొడుతున్నాడు. జనం గుమిగూడగానే మద్దిలేటి అనే కూలివాడు చంకకర్రతో కుంటుకుంటూ వచ్చి, కాలికి నూనె రాయించుకుని, కర్ర విసిరేసి గంతులేసేవాడు. అతని కాలు నిక్షేపంలా ఉంది. జబ్బల్లా అతని చిన్నకూతురి కాలికే. ముల్లు దిగినచోట పుండు కుళ్ళుతోంది. వెంటనే పట్నం పెద్దాసుపత్రిలో చేర్చకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. బస్సు ఛార్జీల కోసమే ఈ వేషం కట్టానని మద్దిలేటే, టీకొట్టు దగ్గర, గురువుగారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

కర్ర విసిరిన ప్రతిసారీ జనం ఎగబడ్డారు. ఒక ముసలమ్మ అతని కాలికి దండం పెట్టుకుని మరీ కొనుక్కుంది. పొద్దువాలేసరికి ఒక్క సీసా మిగిలింది. వ్యాపారి కూలి ఇవ్వబోతే మద్దిలేటి వద్దన్నాడు, ఆ సీసా ఇమ్మన్నాడు. వ్యాపారి కాస్త తటపటాయించాడు. తర్వాత కూలి జేబులో వేసుకుని సీసా చేతిలో పెట్టాడు.

సుంకన్న పరుగెత్తి మద్దిలేటి చెయ్యి పట్టుకున్నాడు.

“నీకేమన్నా పిచ్చా? ఆ కర్ర ఇసిరేసింది నువ్వే గదప్పా!”

“నేనొగన్నే అబద్ధం సామీ,” అన్నాడు మద్దిలేటి, సీసాను తువ్వాలులో భద్రంగా చుట్టుకుంటూ. “తక్కినోళ్ళంతా నిజంగానే కొన్యారు గదా. ఇంతమందీ ఎర్రోళ్ళా?”

“ఛార్జీలు నేనిస్తా. పాపను బస్సెక్కించు.”

“ముందు ఈ నూనె రాసి చూస్తా సామీ.”

పట్నం బస్సు ఎదురుగానే ఆగి ఉంది. మద్దిలేటి దాన్ని దాటుకుని, నిజంగా సంతోషంగా, ఇంటిదారి పట్టాడు. ఎంత పిలిచినా ఆగలేదు. సుంకన్న రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు.

యాగంటయ్యగారు వంగి, దుమ్ములో పడివున్న చంకకర్రను తీసి తుడిచారు.

“దీన్ని కొంచెం పొట్టిగా కోయించి పెట్టు నాయనా,” అన్నారు.