అర్ధవృత్తంలో మిగిలిన గడ్డి

అనగనగా, వానలు మొహం చాటేసిన ఒక అడవిలో తెల్లి, బూది అని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరూ కుందేళ్ళే, ఇద్దరూ పిల్లల తల్లులే.

ఆ వేసవిలో పచ్చగడ్డి రెండుచోట్లే మిగిలింది. ఒకటి మైదానం నడుమ నిండు వృత్తంలా ఉంది. రెండోది కొండరాతిని ఆనుకుని అర్ధవృత్తంలా ఉంది.

"అక్కా, పెద్దదానివి. ముందు నువ్వే తీసుకో," అంది బూది.

పక్కనే ఉన్న ముసలి తాబేలు, "తొందరపడకమ్మా. తీగతో రెండూ కొలిచి చెబుతాను," అంది.

"కొలవడానికేముంది అవ్వా? నిండుది నిండుదే, సగం సగమే," అని తెల్లి వృత్తంలోకి గెంతింది. చెల్లికి తక్కువ మిగిల్చానని మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా పిల్లల మొహాలు చూసుకుని ఊరుకుంది.

వానలు రాలేదు. ముందు వృత్తం అంచులు ఖాళీ అయ్యాయి. తర్వాత నడుమ గడ్డీ అయిపోయింది. ఆఖరికి తెల్లి వేళ్ళు తవ్వి పిల్లలకు పెట్టింది.

"అమ్మా, పిన్ని దగ్గరికి వెళ్దామా?" అంది చిన్నది పూచిక.

"పిన్నికి ఉన్నదే సగం తల్లీ. అది ఎప్పుడో అయిపోయుంటుంది. ఏ మొహం పెట్టుకుని అడగను?"

పూచిక మళ్ళీ అడగలేదు. ఒకరోజు పొద్దున అమ్మ పొట్టకు ఆనుకునే కన్నుమూసింది.

కబురు విని బూది పరుగెత్తుకొచ్చింది. దాని నోటినిండా పచ్చగడ్డి! తెల్లి నిర్ఘాంతపోయింది.

"నీ దగ్గర ఇంకా ఉందా?"

"బోలెడుంది అక్కా! నీది నిండుది కదా, నీకేం లోటనుకుని నేనూ రాలేదు," అని బూది బావురుమంది.

తాబేలు వెళ్ళి రెండుచోట్లా తీగ పరిచి కొలిచి వచ్చింది. తల దించుకుని చెప్పింది.

"నీ వృత్తం ఈ చివర నుంచి ఆ చివరకు ఎంతుందో, చెల్లి అర్ధవృత్తం రాతి నుంచి అంచుదాకా అంతుంది. నీ వృత్తం మొత్తం అందులో ఇమిడిపోతుందమ్మా. రెండు పక్కలా మిగిలిన చోటు కలిపితే మళ్ళీ నీ వృత్తమంత. పేరుకు సగమే. వైశాల్యం మాత్రం నీదానికి రెండింతలు."

తెల్లి మిగిలిన పిల్లల్ని చెల్లెలి వెంట పంపింది. తను మాత్రం పూచిక పక్కనే కూర్చుంది. బూది తెచ్చిన గడ్డి ఎవరూ ముట్టక అక్కడే వాడిపోయింది.

నీతి: పేరు విని ఎక్కువ తక్కువలు తేల్చకూడదు, కొలిచి చూడాలి, అయినవాళ్ళను నోరు విప్పి అడగాలి.