అన్నదాత బిరుదు

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు లెండి, జగపాలుడనే రాజుండేవాడు. మనిషి మంచివాడే గానీ పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. తెల్లారగానే వందిమాగధులు కోటగుమ్మంలో నిలబడి, "ఆకలిగొన్నవారికి అన్నదాత జగపాల మహారాజు" అని బిరుదులు చదివితే గాని పక్క దిగేవాడు కాదు.

రాజుగారుండే ఊళ్ళో ఒక కట్టుబాటుండేది. పరదేశి కాపురం పెట్టాలంటే ఊరివాళ్ళెవరైనా పూచీపడాలి. ఆ పరదేశి రాజుగారి సత్రంలో గంజి తాగితే ఖర్చంతా పూచీపడ్డవాళ్ళే కట్టాలి.

కరువుసీమ నుంచి వచ్చిన చెల్లెలి కుటుంబానికి సాలె ఎల్లక్క పూచీపడింది. చెల్లెలి మొగుడు జ్వరంతో మంచం పట్టాడు. ఎల్లక్క వండేది అందరికీ చాలక, చెల్లెలు పిల్లల్ని వెంటబెట్టుకుని సత్రానికి పోయింది. ఇంకేముంది, భటులొచ్చి ఖర్చు కింద మగ్గం పట్టుకుపోతామన్నారు. నేతగత్తెకు మగ్గం పోతే బతుకేముంది చెప్పండి?

ఎల్లక్క ఏడుస్తూ ఆస్థానంలోని చమత్కారి కుప్పన్న దగ్గరికి వెళ్ళింది. కుప్పన్న రాజుకు విన్నవించాడు.

"కట్టుబాటు కట్టుబాటే. మా ఖజానా ఏమన్నా ఊరుమ్మడి సొత్తా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

కుప్పన్నకు కడుపు మండింది. అయినా "చిత్తం" అని వచ్చేశాడు.

మర్నాడు బారెడు పొద్దెక్కినా బిరుదులు వినబడలేదు. రాజు పక్కమీదే కూచుని కుప్పన్నను పిలిపించాడు. "మా వందిమాగధులేరీ?"

"ఎల్లక్క గుమ్మంలో ఉన్నారు ప్రభూ. నేనే పంపాను. అన్నదాత అని ఆవిణ్ణి పొగుడుతున్నారు."

"నీకు మతి పోయిందా? మా బిరుదు ఆ సాలెదానికా?"

"గంజి పోయించింది తమరే ప్రభూ. కానీ మగ్గం పోగొట్టుకుని ఆ గంజి ఖరీదు ఇచ్చుకునేది ఎల్లక్క. ఖర్చు ఆవిడదీ, కీర్తి తమదీ అంటే లోకం నవ్వదా? మగ్గమైనా ఆవిడకు వదిలెయ్యండి, బిరుదైనా ఇచ్చెయ్యండి. ఏదో ఒకటి సెలవివ్వండి."

రాజు ముఖం కందగడ్డయింది. కాసేపు మీసం కొరికాడు. అంతలో నవ్వొచ్చేసింది.

"గెలిచావు పోవయ్యా. ఆ మగ్గం జోలికెవరూ పోవద్దు. కష్టమొచ్చి మా సత్రంలో తిన్నవాళ్ళ ఖర్చు ఇకమీద మా ఖజానాదే" అని చేతి కడియం తీసి కుప్పన్నకు తొడిగాడు. "ముందు మా వాళ్ళను రమ్మను."

"తమరు ఒప్పుకుంటారని తెలిసి ఇందాకే కబురంపాను ప్రభూ. గుమ్మంలోకొచ్చిన వాళ్ళను ఉత్తకడుపుతో పంపనని ఎల్లక్క ఉన్న అంబలే తలా కాస్త పోస్తోందట. తాగి వస్తామన్నారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ పూట బిరుదులు వినకుండానే పక్క దిగాడు.