జాజి ఒట్టిపోలేదు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎండ ఎక్కువ, నీడ తక్కువ. ఉన్న కాస్త నీడలోనూ మగవాళ్ళ కుర్చీలు వేసి ఉండేవి.

ఆ ఊళ్ళో వరదరాజులు అని ఒక టైలరు ఉండేవాడు. అతని పెళ్ళాం తాయారు. అతను గుడ్డ కత్తిరిస్తాడు, మిషన్ తొక్కుతాడు. ఆవిడ హెమ్మింగు చేస్తుంది, కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. కొట్టు బోర్డు మీద మాత్రం ఒక్క పేరే ఉంది. రెండో పేరుకి చోటు చాల్లేదట.

వరదరాజులుకి కుందేళ్ళ పిచ్చి. అవి మామూలు కుందేళ్ళు కావు అమ్మడూ. వెనక సగం నలుపు, ముందు సగం తెలుపు. నలుపూ తెలుపూ కలిసేచోట ఒంటి చుట్టూ గీత గీసినట్టు ఉండాలి. మొహంలో చెవులూ చెంపలూ మళ్ళీ నలుపే, మధ్యలో ముక్కు మీంచి నుదుటి దాకా తెల్లచార ఉండాలి. వెనక కాళ్ళకు తెల్లటి మేజోళ్ళు, రెండూ ఒకే పొడుగు. ఒళ్ళేమో రుబ్బురోలు పొత్రంలా పొట్టిగా, గుండ్రంగా, నిండుగా ఉండాలి. ఇన్నీ కుదిరితేనే పట్నంలో పోటీకి పనికొస్తుంది. గీత ఒక్క వేలెడు వంకర పోయిందా, అది ఇక కుందేలే కాదు.

పెళ్ళిచూపులే నయం. వాళ్ళు కాఫీ తాగి, కళ్ళతో చూసి పోతారు. వరదరాజులు మెడలో టేపు తీసి మరీ కొలిచేవాడు.

అవిశాకు కోసుకొచ్చేది తాయారు. గూళ్ళ కింద పెంటికలు ఊడ్చేది తాయారు. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి గూళ్ళమీద కప్పేది తాయారు. కొలిచేది వరదరాజులు.

వాళ్ళింట్లో మూడు కుందేళ్ళు ఉండేవి. ఒకటి దొర. గీత అంటే దొర గీతే, ఒళ్ళంటే దొర ఒళ్ళే. రెండోది దొరతో పాటు ఒకే కాన్పులో పుట్టిన తమ్ముడు. దానికి తెల్లపట్టీ మధ్యలో నల్లమచ్చ పడింది, ఒక కాలికి మేజోడే లేదు. ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. దానికి మరక అని పేరు పెట్టి, పెరట్లో నీళ్ళతొట్టి పక్కన ఒక పాత గూట్లో పడేశారు. మూడోది జాజి, ఆడకుందేలు. చలికాలంలో దొరకీ జాజికీ ఆరుగురు పిల్లలు పుట్టారు. అందరూ చక్కగా పెరిగి తలో ఇంటికీ వెళ్ళిపోయారు.

ఆ చలికాలమే పట్నం పోటీలో దొరకి కప్పు వచ్చింది. అప్పుడు వరదరాజులు దొర గూటికి ఆకుపచ్చ రంగు వేయించి, పైన రేకు కప్పించి, డాబా మీద రోడ్డు వైపు పెట్టించాడు. వచ్చేపోయేవాళ్ళు తలెత్తి చూడాలని.

శివరాత్రికి చలి పోయింది. ఉగాదికి ఎండ ముదిరింది. తాయారు తడిపట్టా తీసుకుని డాబా ఎక్కబోతే వరదరాజులు అడ్డుపడ్డాడు.

"పట్టా కప్పితే వాడు ఎవరికి కనిపిస్తాడే?"

తాయారు పట్టా తెచ్చి జాజి గూటిమీదే ఇంకో పొర కప్పింది. ఒక పని తగ్గింది అనుకుంది. మనిషి అలిసిపోతే పని తగ్గడమే పండగ.

ఆ తర్వాత జాజిని మళ్ళీ జతకట్టాలన్నాడు వరదరాజులు. కుందేళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆడదాన్నే మగదాని గూటికి తీసుకెళ్ళాలి. మగదాన్ని ఆడదాని గూటికి తెస్తే అది మీదపడి బొచ్చు పీకి పంపిస్తుంది. తన చోట తానున్న ఆడది అలాగే ఉంటుంది మరి. అందుకే ముందు దాన్ని గడప దాటిస్తారు.

మొదటిసారి జాజిని డాబా మీదకి తీసుకెళ్ళారు. పన్నెండు రోజులు ఆగి, తాయారు జాజి పొట్ట కింద వేళ్ళు పెట్టి తడిమి చూసింది. కడుపుతో ఉంటే రేగ్గాయల్లా తగులుతాయి. ఏమీ తగల్లేదు.

రెండోసారి తీసుకెళ్ళారు. పన్నెండు రోజులు. ఏమీ తగల్లేదు.

మూడోసారీ అంతే.

అప్పుడు వరదరాజులు టేపు మెడలో వేసుకుని తీర్పు చెప్పాడు. "ఒక్క కాన్పుతోనే ఒట్టిపోయింది. దీనికి మేత దండగ. ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ లేదంటే బైపాస్ దగ్గర మెస్సు నరసింహులుకి కూరకి ఇచ్చేస్తాను."

మంచంమీద తమలపాకు నములుతున్న అత్తగారు నాంచారమ్మ తల ఊపింది. "గొడ్డుది ఇంట్లో ఉంటే ఇంటికి మంచిది కాదురా."

ఆ మాట తాయారుకి కొత్త కాదు. పెళ్ళైన మొదటి మూడేళ్ళూ పొద్దున్నే కాఫీతో పాటు అదే మాట తాగింది. అప్పట్లో వరదరాజులు తిరుపూరులో బనియన్లు కుట్టేవాడు. ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు వచ్చేవాడు. మొగుడు ఉత్తరాల్లో కాపురం చేస్తే పెళ్ళాం గొడ్డుదైంది. నాంచారమ్మ అప్పుడు ఆవిడ చేత ఎన్ని ప్రదక్షిణలు చేయించిందో ఆ గుళ్ళో రాళ్ళకే తెలుసు. ఆ తర్వాత అతను ఊరికొచ్చి కొట్టు పెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళై వెళ్ళారు. తప్పు తిరుపూరుదని ఎవరూ అనలేదు.

తాయారు జాజిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది హాయికి పళ్ళు మెల్లగా నూరుతూ కళ్ళు అరమోడ్చింది. దాని గుండె ఆవిడ అరచేతికి తెలుస్తోంది. అమ్మడూ, అంత చిన్న గుండె అంత గట్టిగా ఎందుకు కొట్టుకుంటుందో.

మర్నాడు వరదరాజులు లైనింగు గుడ్డ కోసం పట్నం వెళ్తూ చెప్పాడు. "జాజిని దొర దగ్గర వదిలి తీసుకురా. ఇదే ఆఖరు."

తాయారు జాజిని చంకనెత్తుకుని డాబా ఎక్కింది. పదిన్నరకే మెట్లు కాళ్ళు చుర్రుమనిపించాయి. అక్కడ దొర నాలుగు కాళ్ళూ చాచి, నోరు తెరిచి రొప్పుతూ పడి ఉంది. ఆవిడ దాని చెవి పట్టుకుంది. కాలిన అట్లకాడ అంచు పట్టుకున్నట్టుంది.

అప్పుడు తాయారు బుర్రలో లెక్క దానంతటదే పడింది. చలికాలంలో దొర కింద ఉంది, జాజి ఆరుగురిని కంది. దొర రేకు కిందకి చేరింది, జాజి ఒట్టిపోయింది. మగకుందేలు ఒళ్ళు అంతలా కాగితే, ఆ కాగినన్నాళ్ళూ దానికి పిల్లలు పుట్టరు. రెండు నెలలుగా ఉడుకుతున్నది దొర. కూరలోకి పోయేది మాత్రం జాజి.

దొర గిన్నెలో నీళ్ళు పోసింది తాయారు. రేకు మీద తన పాత చీర తడిపి పరిచింది. ఆ తర్వాత మెట్లు దిగి, పెరట్లోకి వెళ్ళి, నీళ్ళతొట్టి పక్కన చల్లగా ఉన్న మరక గూడు తలుపు తీసింది.

"వెళ్ళవే," అంది జాజితో. "వాడికి మేజోడు లేదు గానీ బుద్ధుంది."

పన్నెండో రోజు వేళ్ళకి రేగ్గాయలు తగిలాయి. జాజి కడుపుతో ఉందని మొగుడికి చెప్పింది, ఏ గూటికి వెళ్ళిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పడం కూడా ఒక పనే కదా.

ముప్ఫై ఒకటో రోజు జాజి తన రొమ్ము మీద బొచ్చు తనే పీక్కుని పెట్టెలో పరుపు వేసుకుంది. తెల్లారేసరికి ఆరుగురు పిల్లలు. ఒంటిమీద బొచ్చు లేకపోయినా నలుపెక్కడో తెలుపెక్కడో చర్మం మీద తెలిసిపోతుంది. ఐదింటికి గీతలు వంకర. ఆరోదానికి మాత్రం దారం పట్టి గీసినట్టు తిన్నని గీత, ముక్కుమీద చార, రెండు కాళ్ళకీ సరిసమానంగా మేజోళ్ళు. దొరదీ మరకదీ ఒకే నెత్తురు మరి. మరక మీద కనిపించనిది మరక పిల్ల మీద కనిపించింది.

వరదరాజులు దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధంతా వినపడేలా నవ్వాడు. "దొర రక్తమంటే ఇదీ."

తాయారు గుండీ వేస్తూ ఊరుకుంది. ఊరుకుంటే గొడవుండదు. జాజి మెస్సుకి వెళ్ళదు. అంతే చాలనుకుంది.

కానీ వరదరాజులు అక్కడితో ఆగలేదు. "వచ్చేవారం జాజిని మళ్ళీ దొర దగ్గరకి తీసుకెళ్దాం. ఇలాంటివి ఇంకో రెండు కావాలి."

ఆ ఏడు రోహిణి వెళ్ళిపోయినా వాన చుక్క లేదు. దొర ఇంకా డాబా మీదే ఉంది. మళ్ళీ తీసుకెళ్తారు. మళ్ళీ ఏమీ తగలదు. మళ్ళీ ఒట్టిపోయిందంటారు. మళ్ళీ నరసింహులు. తాయారుకి అదంతా కళ్ళకు కట్టింది. సూది జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఏమండీ, ఆ పిల్లకి తండ్రి దొర కాదు. మరక."

వరదరాజులు నవ్వాడు. తాయారు నవ్వలేదు. అప్పుడు అతనూ ఆపాడు.

"మూడుసార్లు తప్పింది జాజి కాదు, దొర. అన్నీ టేపు పెట్టి కొలిచారు, ఎండొక్కటి కొలవలేదు. పైకెళ్ళి దాని చెవి పట్టుకు చూసి రండి. తర్వాత నన్ను తిట్టండి."

వరదరాజులు వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. తర్వాత మెట్లమీద ధబధబ చప్పుడైంది. దొర గూటిని ఒక్కడే మోసుకుంటూ దిగి, పెరట్లో గోడనీడన దింపాడు. రేకు తగిలి వేళ్ళు రెండు కాలాయి. వాటిని తొట్టినీళ్ళలో ముంచి నిలబడ్డాడు.

మూడు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. తాయారుకి ఆ మూడు రోజులూ హాయిగా గడిచాయి.

నాలుగో రోజు పోటీలు పెట్టే పట్నం సంఘం వాళ్ళు కొత్తపిల్లకి వంశం కార్డు పంపారు. అందులో తల్లి పేరు రాయాలి, తండ్రి పేరు రాయాలి. వరదరాజులు పెన్ను పట్టుకుని పెళ్ళాం ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మరక అని రాస్తే సంఘంలో తలెత్తుకోలేనే."

తాయారుకి పోట్లాడే ఓపిక లేదు. బేరమాడే ఓపిక మాత్రం కాస్త మిగిలింది.

"మీకు ఎవరి పేరు కావాలో రాసుకోండి. జాజికి చదవడం రాదు. కానీ దసరా దాకా దాన్ని ఏ గూటికీ తీసుకెళ్ళకూడదు. మరకని ఎవరికీ ఇవ్వకూడదు. గోనెపట్టాలు ఇక మీరు తడపాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం."

"మూడుసార్లా?"

"మూడుసార్లే."

వరదరాజులు తండ్రి పేరు దగ్గర దొర అని రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. ఆ తర్వాత లేచి, పంచె ఎగ్గట్టి, బిందె తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

నాంచారమ్మ మంచం మీంచి చూసి, "ఇదేం చోద్యమే, మగాడి చేత నీళ్ళు మోయిస్తున్నావు," అంది.

"కుందేళ్ళు ఆయనవే కదా అత్తయ్యా," అంది తాయారు.

పెరట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. పట్టా కింద జాజి పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళూ పూర్తిగా చాపేసింది. కుందేలు భయం లేనప్పుడే అలా పడుకుంటుంది. తాయారు పద్నాలుగు జాకెట్లు అలాగే వదిలేసి, పట్టపగలు, గోడనీడలో ఉన్న మొగుడి కుర్చీ జరిపి అక్కడ చాప పరుచుకుంది.

కథేమో కంచికి, కుందేలు గూటికి,
దొరేమో నీడకి, తాయారు చాపకి,
నువ్వేమో నిద్దరకి, నేనేమో నా నడుంనొప్పికి.