చేతులు కట్టుకున్న అచ్చియమ్మ

వినండి పిల్లలూ. పెద్దలూ, మీరు ఇంకా శ్రద్ధగా వినండి. ఈ కథలో చీవాట్లు మీకే.

అనగనగా, ఇంకా ఏ నదికీ వంతెన లేని రోజుల్లో, ఒక మహానది నడుమ ఒక లంక ఉండేది. పడవలు కట్టే పెద్దలు ఒక్కొక్కరే పోయారు. ఉన్న పడవలు చివికిపోయాయి. వరద వచ్చినప్పుడల్లా జనం రాజుగారి పడవల కోసం ఎదురుచూసేవారు. అవి వచ్చేలోగా పశువులు కొట్టుకుపోయేవి.

రాజు ధర్మకేతుడు విసిగిపోయాడు. "లంక ఖాళీ చేయండి. కొండల మీద చోటిస్తాను" అన్నాడు.

అచ్చియమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. మొగుడి పక్కన నిలబడి, బాడిస పట్టి పడవ చెక్కలు చెక్కిన మనిషి ఆమె. పడవ పని తెలిసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

"మాకు కొండలొద్దు మహారాజా! కలప ఇవ్వండి, ఒక పాక ఇవ్వండి. మా పిల్లలకు పని నేర్పుతాను."

"సరే. వచ్చే వరదకు వాళ్లు కట్టిన పడవ నది దాటాలి. దాటకపోతే లంక వదలాలి" అన్నాడు రాజు.

పాక లేచింది. పడుచు పిల్లలంతా చేరారు. మొదటి రోజే అచ్చియమ్మ చేతులు వెనక్కి పెట్టి, తువ్వాలుతో కట్టించుకుంది.

"దొంగను పట్టినట్టు ఈ కట్టేమిటే మామ్మా? ముక్కు మీద ఈగ వాలితే?" అంది పైడి అనే పిల్ల.

"నువ్వు తోలు. అదీ నేర్చుకోవాల్సిన పనే!"

కలప ఎలా ఎంచాలో, బాడిస ఎలా పదును పెట్టాలో, పలకల సందుల్లో పీచు కూరి గుగ్గిలం ఎలా పూయాలో నోటితోనే నేర్పింది. తప్పు చేస్తే అరిచింది. ఒప్పు చేస్తే ఇంకా గట్టిగా అరిచి మెచ్చుకుంది. చెయ్యి మాత్రం వేయలేదు.

మొదటి పడవ ఒడ్డునే మునిగింది. రెండోది నడి పాయదాకా వెళ్లి మునిగింది. పిల్లలు ఈదుకుంటూ తిరిగొచ్చారు.

ఊరు భగ్గుమంది. "ముసలిదానా, ఆ తువ్వాలు విప్పి నువ్వే కట్టు! రాజుకేం తెలుస్తుంది?"

పైడి కూడా ఏడ్చింది. "ఒక్కసారి నువ్వు చెయ్యి వేస్తే ఊరు నిలబడుతుంది కదే."

"ఈ ఏడు నిలబడుతుంది. నేను పోయాక?" అంది అచ్చియమ్మ. "ఏడుపాపి, నీళ్లు ఎక్కడ దూరాయో చూడు."

పైడి ఎంత చూసినా సందు కనబడలేదు. ఉక్రోషంతో, అప్పుడే కట్టిన మూడో పడవను ఎండలో బోర్లించి, దాని కిందికి దూరి కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి ఒకటే కేక.

"మామ్మా! చుక్కల్లా వెలుతురు! వెలుతురు దూరిన చోటే నీళ్లూ దూరతాయి!"

పిల్లలంతా పడవ కిందికి దూరారు. ఒక్క మినుకు కూడా మిగలకుండా పీచు కూరారు.

అచ్చియమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ కిటుకు నాకూ తెలియదే! నేను చెయ్యి పెట్టి ఉంటే ఇది పుట్టేది కాదు."

వరద వచ్చింది. ఎర్రటి సుడులు చూసి ఎవరూ పడవ ఎక్కలేదు. అచ్చియమ్మ వెళ్లి ముందు కూర్చుంది, చేతులు కట్టుకునే.

"విప్పుకోవే! మునిగితే ఎలా ఈదుతావు?" అని గట్టు మీదివాళ్లు అరిచారు.

"ఈదే పని పడదు. ఇది మా పిల్లలు కట్టిన పడవ!"

ఆ మాటతో తల్లులు ఎక్కారు. లేగదూడలూ ఎక్కాయి. పైడి గెడ వేసింది. పడవ సుడుల మీద ఊగింది, వాలింది, లేచింది. అవతలి గట్టుకు తగిలింది.

అక్కడ నిలబడి ఉన్న రాజు వంగి, పడవ లోపలి అడుగు తడిమి చూశాడు. పొడిగా ఉంది. తన చేతులతోనే అచ్చియమ్మ కట్టు విప్పాడు.

"లంక ఇక మీదే తల్లీ. నా రాజ్యంలో ప్రతి లంకకూ ఇలాంటి పాక వేయిస్తాను. నేర్పడానికి ఎవరిని పంపుతావు?"

అచ్చియమ్మ ఆ తువ్వాలు తీసి పైడి భుజాన వేసింది.

అందుకే చెబుతున్నాను. పిల్లలకు పని రావాలంటే సామానివ్వండి, తప్పు చేసే వీలివ్వండి, ఆ పైన మీ చేతులు కాస్త వెనక్కి కట్టుకోండి.